వర్ధమాన హాస్యనటుడు

సిరిసిల్ల బస్టాండు బయటికి రాగానే నా దోస్తు ఫ్లెక్సీ ఎదురైంది. ఫొటో తీస్తుంటే ఎవరో కాలు తొక్కినట్టు ముఖం పెట్టడం వాడి అలవాటు. ఆఖరి ఫొటోలోనూ అదే ముఖం. పైన శ్రద్ధాంజలి అని ఉంది. కింద ఇంతింత ఎర్రక్షరాలతో 'వర్ధమాన హాస్యనటుడు' అని ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పోయి తొమ్మిది రోజులైన మనిషి, ఇంకెక్కడి వర్ధమానం? నా పక్కన నిలబడి చదివిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నాకు కోపం రావాలి. రాకపోగా నేనూ నవ్వాను. పోయాక కూడా బస్టాండు ముందర ముగ్గురిని నవ్వించాడంటే వాడికి అంతకన్నా ఏం కావాలి.

ఆ మాట వాడు పెట్టుకున్నది కాదు. మొదటి కరపత్రం అచ్చువేసిన ప్రెస్సాయన పేరు కింద జాగా ఖాళీగా ఉందని పెట్టాడు. వర్ధమానం అంటే ఏందన్నా అని వాడు నన్నడిగితే, పెరుగుతున్నవాడని అర్థం చెప్పాను. ఆ రోజంతా వాడు కొంచెం పొడుగ్గా నడిచాడు. పదేళ్ల తర్వాత ప్రెస్సాయనే సిగ్గుపడి, ఇక 'ప్రముఖ' అని మారుస్తానన్నాడు. వీడు ఒప్పుకోలేదు. ప్రముఖ అంటే అయిపోయినట్టేనట, వర్ధమాన అని ఉంటే ఇంకా ఏదో ఉందని జనం చూస్తారట.

నాది జగిత్యాల. మైకుసెట్టు నడిపేవాణ్ణి. వాడికీ నాకూ స్నేహమని తెలిసిన ప్రతివాడూ మొదట అనే మాట ఒకటే: "ఆయన మొదటి ప్రోగ్రాంల నీ మైకు ఫెయిలైందట గదా." ముప్పై ఏళ్లకు పైగా విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను, చదువుకోండి. నా మైకు ఫెయిల్ కాలేదు.

జరిగింది ఇది. జగిత్యాలలో ఒక గణపతి మండపం దగ్గర సాయంత్రం పూట కార్యక్రమాలు పెట్టారు. సిరిసిల్ల నుంచి ఎవరో కామెడీ చేస్తాడట అని వీణ్ణి పిలిచారు. సన్నగా, పెద్ద చెవులతో స్టేజీ ఎక్కాడు. మైకు ముందు నిలబడి దండం పెట్టి, నోరు తెరిచాడు. పెదవులు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, కనుబొమ్మలు నెత్తి మీదికి పోతున్నాయి. మాట మాత్రం లేదు. నేను వాల్యూం పెంచాను. కుయ్యిమని కూత వచ్చింది గానీ మాట రాలేదు. వైరు పీకి మళ్లీ పెట్టాను. బ్యాటరీ క్లిప్పులు గీకాను. మైకు, మైకు అని జనం గోల. ఎడమ పక్కన మాత్రం ఓ పదిహేను మంది ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వాళ్లంతా వాడితో సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు అందుతున్నది మాకెందుకు అందదని కమిటీ ప్రెసిడెంటు వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

నేను స్టేజీ ఎక్కి, మైకు లాక్కుని హలో అన్నాను. ఊరి చివరి దాకా వినపడింది. అప్పుడు వాడి వైపు తిరిగి, నోట్లె మాటేదయ్యా అని గదమాయించాను. వాడు నిజంగానే బిత్తరపోయాడు.

"ఇంతసేపటి సంది చెప్పుతనే ఉన్న గదనే. ఇనవడలేదా?" అన్నాడు.

ఆ ఒక్క మాట హారన్లలో ఖంగున మోగింది. మైదానమంతా ఘొల్లుమంది. వాడి కెరీర్‌లో మొదటి జోకు అదే, అది జోకని తెలియనిది వాడొక్కడికే.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఒక్క షెడ్డులో ఇరవై ముప్పై సాంచాలు ఒక్కసారే కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదవులతోనూ చేతులతోనూ మాట్లాడుకుంటారు. దారం తెగింది చూడు అన్నా, మా అత్త ఊరి నుంచి దిగింది ఏం చెయ్యమంటవు అన్నా, ఈ చివర నుంచి ఆ చివరకు అన్నీ చేతుల మీదనే పోతాయి. వాడు తంగళ్ళపల్లి నుంచి రోజూ సైకిలు మీద వచ్చి సాంచాలు నడిపేవాడు. పన్నెండేళ్లు ఆ షెడ్డు షెడ్డంతా నవ్వించాడు. గొంతుతో పనే పడలేదు. కామెడీ చేసేటప్పుడు తనకు గొంతు రాదన్న సంగతి వాడికి జగిత్యాల వచ్చేదాకా తెలియదు.

సరే, గొంతు తెప్పిద్దామని నేను పూనుకున్నాను. బుద్ధి తక్కువై పూనుకున్నాను. సాంచాల దగ్గరివాళ్ల గొంతు ఉంటే అరుపు, లేకుంటే లేదు, మధ్యలో ఏమీ ఉండదు. రెండో ప్రోగ్రాంలో వాడు అందరికీ నమస్కారం అన్న ఒక్క ముక్కకు నా హారన్ యూనిట్ పగిలింది. మూడోసారి మైకును వాడికి నాలుగు గజాల దూరంలో పెట్టాను. అదే ఖాయమైపోయింది. మిగతా కళాకారుల చేతిలోంచి మైకు గుంజుకోవడం నా ఉద్యోగమైతే, వీణ్ణి మైకు దగ్గరికి పోకుండా ఆపడం ఇంకో ఉద్యోగం.

నిజానికి వాడు జోకులు చెప్పేవాడు కాదు, మనుషుల్ని చేసి చూపించేవాడు. అందుకోసం బజార్లో ఎవరి నడకైనా నచ్చితే వెనకాలే పోయేవాడు. అచ్చం ఆ మనిషిలాగే నడుస్తూ పోయేవాడు, అదీ చిక్కు. ఒకసారి కోరుట్ల అంగడిలో ఒకామె కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని ఊగుతూ పోతుంటే, వీడు వెనకాల లేని గంప పట్టుకుని ఊగుతూ పోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూసి, గంప దించి, సొరకాయతో వీపు మీద రెండు వేసింది. వీడు దెబ్బలు తిని, చేతులు కట్టుకుని, నీ నడుక రెండు దినాలు నాకియ్యరాదక్కా, మళ్ల తెచ్చిస్త అన్నాడు. ఆమె నవ్వీ నవ్వీ, ఆ సొరకాయ వీడికే ఇచ్చి పోయింది. మేం సొరకాయ పట్టుకుని ప్రోగ్రాంకు పోయాం.

కోరుట్లలో వాడికి పేరు తెచ్చింది బీడీల టేకేదారు ఐటం. అక్కడ ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుడతారు. చాటలో బీడీలు తెచ్చిన ఆడవాళ్ల ముందు, కంపెనీ తరఫున వాటిని తీసుకునే టేకేదారు ఒక్కో కట్ట ఎత్తి, చెవి దగ్గర ఆడించి, వాసన చూసి, దేవుడు మెచ్చినా తాను మెచ్చనట్టు ముఖం పెట్టి నాలుగు బీడీలు తీసి పారేస్తాడు. పారేసినవాటిలో రెండు మెల్లగా ఏరుకుని జేబులో వేసుకుంటాడు. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు. టేకేదార్లు కూడా నవ్వేవాళ్లు, ప్రతివాడూ అది పక్క టేకేదారనుకుని.

అన్నలకు, అంటే నక్సలైట్లకు, జడిసి ఊళ్లు విడిచి పట్నంలో కిరాయికి ఉంటున్న దొరలు ఆ రోజుల్లో చాలామంది. వాడి దొర ఐటంలో మాటలే లేవు. దొర ఠీవిగా నడుస్తూ, చేతికర్ర కోసం చెయ్యి వెనక్కి పెడతాడు. వెనక జీతగాడు ఉండడు కదా, చెయ్యి అట్లాగే గాలిలో ఆగుతుంది. వేళ్లు కాసేపు వెతుక్కుంటాయి. ఆఖరికి ఆ చెయ్యి దిక్కులేక వచ్చి చెవి గోక్కుంటుంది. ఇంతే. ఒకరోజు నిజం దొర ఒకాయన కబురు పెట్టాడు. వాడి భార్య ఒకటే ఏడుపు. పోతే దొర అడిగింది ఒకటే, నేను నిజంగనే చెయ్యి ఎనుకకు పెడుతనా అని. వీడు జవాబు చెప్పేలోపే లోపలి నుంచి దొరసాని నవ్వు వినపడింది. వీడికి చాయ్ ఇచ్చి పంపారు.

కానీ వాడికొక నియమం ఉండేది. తుపాకీ ఉన్నవాణ్ణి చెయ్యడు. పోలీసులను చేస్తే పోలీసులు పిలుస్తారు, అన్నలను చేస్తే అన్నలు పిలుస్తారు, ఇద్దరినీ చేస్తే ఎవరు ముందు పిలవాలని వాళ్లు కొట్టుకుంటారు అనేవాడు. ఆ నియమం ఒక్కసారి తప్పాడు. అది చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి సినిమా కంపెనీ మేనేజరొకాయన కోరుట్లలో చుట్టాలింట్లో దావతుకు వస్తున్నాడని తెలిసింది. ఆ చుట్టం బట్టల షాపాయన, వీడి ఐటమంటే పడి చచ్చేవాడు. సాయంత్రం నాలుగింటికి దావతు పందిట్లోనే అరగంట చేయి, నచ్చితే ఆయనే వెంట తీసుకుపోతాడు అన్నాడు. వీడు అప్పటికప్పుడే షెడ్డు ఆసామి దగ్గరికి పోయి, సోమవారం నుంచి రాను, నా సాంచాలు ఇంకెవరికైనా ఇచ్చుకో అని చెప్పి వచ్చాడు. ఇద్దరు పిల్లలు, ఇల్లంతా వాడి పని మీదే. కొంచెం ఆగి చెప్పరాదా అంటే వినలేదు. ఆ అరగంట మీద బతుకు మొత్తం పెట్టాడు.

ఆ రోజు సిరిసిల్లలో ముగ్గురం బస్సెక్కాం. నేను, వాడు, వాడి దోస్తు రాజేశం. రాజేశం పక్క సాంచ మనిషి. ఇరవై ఏళ్లు ఆ చప్పుడులో నిలబడి చెవులు పూర్తిగా పోయాయి. తెలిసినవాళ్లయితే పెదవులు చూసి మాట పట్టుకునేవాడు, వీడి చేతులు చూస్తే మనసులోది కూడా పట్టుకునేవాడు. తను మాట్లాడితే మాత్రం నాలుగు వీధులకు వినపడేది. ముందు వరసలో రాజేశం కూర్చుంటే తప్ప వీడికి స్టేజీ మీద కాలు ఆడేది కాదు.

బస్సు కిటకిటలాడుతోంది. వాడు డ్రైవరు దగ్గర, రాజేశం వెనక సీట్లో. ఇద్దరూ జనం నెత్తుల మీది నుంచి చేతులతో మాట్లాడుకుంటున్నారు. కోరుట్లలో దిగి మిర్చీలు ముందు తిందామా, ప్రోగ్రామైనంక తిందామా అన్నది చర్చ. దారిలో పోలీసులు బస్సాపి ఎక్కారు. ముందున్నవాడు వెనకవాడికి వేళ్లు తిప్పి ఏదో చెప్పడం కానిస్టేబులు చూశాడు. తర్వాత నా కాళ్ల దగ్గరి పెట్టె తెరిచాడు. అందులో ఆంప్లిఫయరు, బ్యాటరీ, ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. నేనే పోలీసునైతే నన్ను నేనే పట్టుకునేవాణ్ణి. ముగ్గురినీ దించారు.

ఏ ఠాణా అన్నది ఎందుకులెండి. ఆ రోజుల్లో ఠాణాలోకి పోయిన మనిషి ఎప్పుడొస్తాడని ఎవరూ అడిగేవాళ్లు కాదు, వస్తాడా అని అడిగేవాళ్లు.

ఎస్సై కోస్తా మనిషి, మీసాలు పై పెదవి దాటి కింది పెదవిని కూడా మూసేశాయి. రాజేశాన్ని ముందు నిలబెట్టి, ఏంటా సైగలు, ఎవరికి చేస్తున్నారు అని అడిగాడు. రాజేశం బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఎస్సై మళ్లీ అడిగాడు. రాజేశం ఆ మీసాల్లోకి కళ్లు చిట్లించి చూశాడు. ఎస్సై చెయ్యి లేచింది. వీడు మధ్యలోకి దూరాడు.

"సార్, వానికి చెవులు ఇనరావు. పెదిమలు చూసి మాట పట్టుకుంటడు. మీ పెదిమలు మీసాల కింద వడ్డయి సార్."

మూలనున్న కానిస్టేబులుకు దగ్గు వచ్చింది. ఎస్సై నమ్మలేదు. సాంచాల భాషేదో ఉంటే నిరూపించమన్నాడు. రాజేశాన్ని ముంగిట్లో ఆ చివర నిలబెట్టి, వీడి చెవిలో తనకు తోచిందొకటి చెప్పాడు. వీడు చేతులు తిప్పాడు. "రేపొద్దుగాల కోడికూర అట" అని రాజేశం అక్కడి నుంచి కేకేశాడు. ఎస్సై కళ్లు పెద్దవయ్యాయి. ఇంకొకటి చెప్పాడు. "పెద్ద సారు జీపు పంచరైందట" అన్నాడు రాజేశం. ఎస్సైకి ఆట నచ్చినట్టుంది, నవ్వబోయాడు. కానీ రాజేశం ఆగలేదు.

"ఈ సారుకు బూట్లు బిగుసుకపోయినయట. పొద్దటి సంది ఇప్పుదామని చూస్తుండట, మనముంటె నామోషి అయితుందట."

అది ఎస్సై చెప్పింది కాదు. మా వర్ధమానం చేతులు ఊరుకోలేక పక్కన కలిపింది. నేను మనసులో నా భార్యాపిల్లలకు దండం పెట్టుకున్నాను. ఎస్సై తన కాళ్ల వైపు చూసుకుని, నీకెట్లా తెలుసురా అని మెల్లగా అడిగాడు. కూసున్నప్పటి సంది మీ కాళ్లు ఒకదాన్నొకటి పొడుసుకుంటున్నయి సార్ అని, వీడు కుర్చీలో లేని బూట్లతో కూర్చుని చూపించాడు. అంతే, కానిస్టేబుళ్లు ముఖాలు గోడకు తిప్పుకున్నారు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. ఎస్సై బూట్లు విప్పేసి, కాళ్లు చాపి, అబ్బా అని నిట్టూర్చాడు.

మమ్మల్నిద్దరినీ పొమ్మన్నాడు. రాజేశాన్ని మాత్రం ఉండమన్నాడు. వాళ్ల జాబితాలో అదే పేరు ఒకటి ఉందట, సిరిసిల్లకు వైర్‌లెస్ చేశారట, జవాబు వచ్చేదాకా కదలొద్దట. గోడ గడియారంలో రెండున్నర. ఇప్పుడు బస్సెక్కితే నాలుగింటికి కోరుట్ల.

నువ్వు పో, నేనుంటా అన్నాను. వాడు ఒప్పుకోకూడదని లోపల మొక్కుకుంటూనే అన్నాను, అబద్ధమెందుకు. వాడు నన్ను చూశాడు.

"నీకు చేతుల మాట ఎంతొచ్చునే? చాయ్, పోదాం, ఆగు. ఈళ్లు ఇంకోటి అడిగితే వీడు గట్లనే నిలవడి చూస్తడు. జవాబు చెప్తలేడని కొడుతరు." నా పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పోయి ఆయనను ఎట్లనన్న కూసుండవెట్టు. జవాబు రాంగనే వస్త."

పోయాను. మేనేజరు నాలుగింటికే వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను అరగంట మైకు టెస్టింగు చేశాను. హలో, వన్, టూ, త్రీ అని నూటికి పైగా లెక్కపెట్టాను. ఆయన గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకేం పాలుపోలేదు. ముప్పైసార్లు చూసిన ఐటం కదా, నేనే చేస్తే ఏం పోతుందని టేకేదారై నడిచాను. బీడీల కట్ట చెవి దగ్గర పెట్టుకుని, తర్వాతది మరిచిపోయి, అట్లాగే నిలబడ్డాను. చీమ కూడా నవ్వలేదు. మేనేజరు లేచి, పక్కాయనతో, మీరు ఇంత చెప్పింది ఈయన గురించేనా, పాపం బాగానే కష్టపడుతున్నాడు అని, కారెక్కి వెళ్లిపోయాడు. నేను కారు వెనకాల పరుగెత్తుతూ, ఆ మనిషిని నేను కాదు సార్ అన్నాను. అదీ ఐటంలో భాగమనుకున్నాడేమో, అద్దం దించి చెయ్యి ఊపాడు.

ఎండ దిగాక వాళ్లిద్దరూ వచ్చారు. పందిరి విప్పుతున్నారు. నేను ఏడుపు ముఖంతో జరిగిందంతా వాడికి ఒక్కడికే చెప్పాను. వాడు ఏ ఐటం చేసినవ్ అన్నాడు. చెప్పాను. ఎట్ల నడిచినవో చూపియ్యి అన్నాడు. నాకు ఒళ్లు మండింది, అయినా నడిచాను. వాడు టెంటు గుంజల మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. ఎంతమందిని నవ్వించినా తను నవ్వని మనిషి, వాడు నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ నీళ్లు నవ్వువేనా అని నేనెప్పుడూ అడగలేదు.

సినిమాయన ఏడీ అని రాజేశం ఊరంతా వినపడేట్టు అడిగాడు. వీడు కళ్లు తుడుచుకుని చేతులు తిప్పాడు. వాడికేం చెప్పావని నేనడిగితే, ఆయన హైదరాబాదులోనే ఆగిపోయిండట, రానే లేదని చెప్పిన, నువ్వు గూడ గదే చెప్పు అన్నాడు. సోమవారం పొద్దున్నే మళ్లీ ఆసామి షెడ్డులో తన సాంచాల దగ్గర నిలబడ్డాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు లగ్గాల్లో, మండపాల్లో, ఆదివారాల్లో వర్ధమానమవుతూనే ఉన్నాడు.

మొన్న ఫ్లెక్సీ చూసి, అటునుంచి తంగళ్ళపల్లిలో వాడి ఇంటికి పోయాను. టెంటు కింద రాజేశం ఒక్కడే కుర్చీలో ఉన్నాడు. ముసలివాడైపోయాడు, గొంతు మాత్రం తగ్గలేదు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"కోరుట్లల నువ్వున్నవు గద. నిజం చెప్పు. ఆ సినిమాయన ఆ దినం అచ్చిండా, రాలేదా?"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నా పెదవులు నమ్మనన్నట్టు అతను నా చేతుల వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్లు వాళ్లతో తిరిగి నేను నేర్చుకున్న చేతుల మాట తక్కువే. ఉన్నదంతా కూడగట్టుకుని, రాలేదు అని చెప్పాను. ఆయన బయలుదేరనే లేదు అని మళ్లీ చెప్పాను.

రాజేశం కుర్చీలో వెనక్కి వాలాడు.

"నా కోసం ఠాణాల కూసుండి పోగొట్టుకున్నడేమోనని ఇన్నేండ్ల సంది గుబులుండె. ఎన్నిసార్లు అడిగినా రాలేదనే అన్నడు గని, వాడు ఉత్త నాటకాలోడు గదా, నమ్మబుద్ధి కాలే. నువ్వు చెప్పినవు, ఇగ చాలు" అన్నాడు, వీధి వీధంతా వినపడేట్టు.